అరవై నాలుగేళ్ల ఎడమ కణత

గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి లక్ష తలలు నా చేతుల కింద నుంచి వెళ్లాయి. రిటైరైన రోజున మెడలో దండ ఉండగా మైకులో ఇదే చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. నిజానికి మా గదిలో రోజుకి నలుగురైదుగురికి మించి పట్టేవాళ్లు కారు. ఆదివారాలు, పండగలు, మిషను మూలనపడ్డ రోజులు తీసేస్తే నా సర్వీసు మొత్తానికి లక్షలో సగం కూడా తేలదు. ఈ లెక్క మా ఆవిడ వేసింది, నేను స్టేజీ దిగి కుర్చీలో కూర్చోకముందే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం మీ అనుభవం ఒకటి రాయండి అన్నారు. రాస్తున్నాను. కాకపోతే పిల్లలూ, నేను చెప్పేదాంట్లో సగం తగ్గించి చదవండి. చివరికి వచ్చేసరికి తగ్గించక్కర్లేదు. అక్కడ పెంచడానికి నాకే చేతులు రాలేదు.

నేను ఈఈజీ టెక్నీషియన్ని. గుంటూరులో ఒక ట్రస్టు ఆసుపత్రిలో పనిచేశాను. పేరు మీకక్కర్లేదు. మనిషి తల మీద చిన్న చిన్న బిళ్లలు పేస్టుతో అంటించి, వాటి వైర్లు మిషనుకి తగిలిస్తే, మెదడులో నడిచే కరెంటు తెర మీద గీతలుగా వస్తుంది. ఎడమ వైపు గీతలు, కుడి వైపు గీతలు. ఇవి ఒక కడుపున పుట్టిన పిల్లల్లా ఉండాలి, అచ్చం ఒకేలా కాకపోయినా పోలికలు కలవాలి. అరవై దాటినవాళ్లలో మాత్రం ఒక చిత్రం కనిపిస్తుంది. ఎడమ కణత దగ్గర గీత అప్పుడప్పుడు నెమ్మదిస్తుంది. కుడి వైపు మామూలుగా పరుగెడుతుంటే ఎడమది నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం ఆగినట్టు ఒక పెద్ద అల వేస్తుంది. మళ్లీ కలుస్తుంది. ఎడమవైపే ఎక్కువగా ఎందుకు అని మా డాక్టరుగారిని అడిగితే, "నాకు తెలిస్తే మీకు చెప్పనా?" అన్నారు. అరవై దాటిన తలలో అది కొద్దిగా కనబడితే వయసు అని వదిలేస్తారు. నలభైల్లో కనబడితే వదలరు, స్కాన్‌కి పంపుతారు. ఈ కథకి మీకు కావలసిన చదువంతా ఇంతే.

దీన్ని పట్టుకుని నేను ఒక విద్య ప్రదర్శించేవాణ్ణి. మా సిస్టర్ తెర మీద వయసు రాసిన గడికి దూది ముక్క అడ్డం పెట్టేది. నేను గీతలు చూసి వయసు చెప్పేవాణ్ణి. "అరవై ఎనిమిది." దూది తీస్తే అరవై ఏడో, డెబ్భయ్యో ఉండేది. టీ నాకు వచ్చేది. ఆసుపత్రి అంతా పాకిపోయింది ఈ సంగతి. డాక్టరుగారు కూడా ఎవరైనా వస్తే, "మా టెక్నీషియన్ గీతలు చూసి పుట్టిన రోజు చెప్తాడండీ" అని పరిచయం చేసేవారు.

గది బయట పేషెంట్లు విడిచిన చెప్పులు చూసి లోపలికి వచ్చేవాణ్ణని సిస్టర్‌కి ఇప్పటికీ తెలియదు. మడమ అరిగిన తీరు చూస్తే మనిషి వయసు చాలావరకు తెలిసిపోతుంది. ఇక వాళ్ల చేతుల మీద నరాలు, మెడ మీద చర్మం సరేసరి. గీతల వల్ల తెలిసింది తక్కువ.

రెండేళ్ల కిందట, ఎర్ర మిరపకాయ మార్కెట్ యార్డుకి వచ్చే రోజులు. అప్పుడు గుంటూరులో గాలే తుమ్మిస్తుంది. రిసెప్షన్‌లో ఉండే ఆవిడ లోపలికి కాగితం పంపింది. ఆడమనిషి, వయసు అరవై నాలుగు. నేను అలవాటు చొప్పున గుమ్మం బయట చెప్పులు చూశాను. మడమలు సమంగా, బలంగా నొక్కుకుపోయి ఉన్నాయి. బరువు మోసే మనిషి చెప్పులు. అరవై నాలుగు కాదు అనుకున్నాను.

లోపలికి వచ్చినావిడకి నడుం దాకా నల్లటి జుట్టు. వెనకాల భర్త. దర్శి అవతల ఒక పల్లెటూరు వాళ్లది. కౌలుకి పత్తి వేసి, రెండేళ్లు వరసగా కాయలు పురుగు తినేస్తే అది వదిలి నల్లపాడు వైపు వచ్చేశారు. అక్కడ కోల్డు స్టోరేజీల పక్క షెడ్లలో ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే పని ఆవిడది. భర్త బస్తాలు కుట్టేవాడు.

బిళ్ల అంటించే ముందు తల మీద చర్మాన్ని కొంచెం రుద్దాలి. రుద్దగానే జుట్టులోంచి కారం లేచింది. తుమ్ము మీద తుమ్ము. చేతిలో ఉన్న వైర్ల గుత్తి ఊగిపోయింది. కళ్లు నులుముకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు.

"అయ్యో, నీళ్లు పెట్టి కడుక్కో అన్నయ్యా, చేత్తో నులమబాక," అంది ఆవిడ. "తలంటుకునే వచ్చా. ఎన్ని నీళ్లు పోసుకున్నా పోదది."

మొహం కడుక్కుని వచ్చి, సంగతేమిటని అడిగాను. భర్త చెప్పాడు. "పనిలో ఉన్నదల్లా ఉన్నట్టుండి ఆగిపోయిద్దండి. పిలిస్తే పలకదు. నిమిషం ఉంటది, మళ్లీ మామూలే. ఒక్కోసారి ఎదురుగా ఉన్నదాని పేరే దొరకదు దీనికి. మొన్న మిరపకాయ చేతిలో పెట్టుకుని, ఇది, ఎర్రది, ఇది, అంటా కూర్చుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా చేసే పని అదేనాయె."

"దొరకదని కాదన్నయ్యా," అని ఆవిడ ఎడమ చెయ్యి గొంతు దగ్గర పెట్టుకుంది. "ఇక్కడిదాకా వచ్చిద్ది. అక్కడ ఆగిపోయిద్ది."

భయపెట్టకుండా మాట మార్చడం మా పనిలో భాగం. "అన్నయ్య అంటావేంటమ్మా, కాగితం ప్రకారం నువ్వు నాకు అక్కవి," అన్నాను.

ఆవిడ పెద్దగా నవ్వింది. భర్త నవ్వలేదు. తలుపు వైపు చూశాడు.

"ఆ కార్డు సంగతి అడక్కన్నయ్యా. మా ఊళ్లో కార్డులు రాసేటప్పుడు, ఆ రాసేవాడే చెప్పాడు. నాలుగేళ్లు పెంచుకోండి, పింఛను తొందరగా వచ్చిద్ది అని. మా అత్త పక్కన నిలబడి, నాలుగేంటి, ఇంకా పెంచు అంది. ఉప్పెన వచ్చిన యేడు మా అమ్మ కడుపులో ఉన్నానంట నేను. నువ్వే లెక్క చూసుకో."

లెక్క చూసుకున్నాను. నలభై ఏడు దాటదు.

"ఊరుకోవే, నీ నోటికి..." అని భర్త నా దగ్గరికి వచ్చాడు. "అయ్యా, ఇది రాయబాకండి. పింఛను పోయిద్ది. ఈ వైద్యం కూడా ఆ కార్డు మీదే కదండీ, రెండిట్లో రెండు వయసులుంటే తిప్పి పంపిస్తారంట. పెళ్లినాటికి నాకంటే ఏడేళ్లు చిన్నదండి ఇది. కార్డు వచ్చాక పదేళ్లు పెద్దదైంది."

ఇప్పుడు ముగ్గురం నవ్వాం. నవ్వాక నేనూ నా గుట్టు విప్పాను. బళ్లో వేసేటప్పుడు మా మేస్టారు నా వయసు రెండేళ్లు తగ్గించి రాశారని, ఆ పుణ్యాన ఇంకా ఉద్యోగంలో ఉన్నానని చెప్పాను. "అయితే మీరూ మా బాపతే బావగారూ," అన్నాడు ఆయన. "ఎవరికీ చెప్పనులే," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది. పేదవాళ్ల పక్షాన నిలబడ్డట్టు.

ఆవిణ్ణి పడుకోబెట్టి మిషను నడిపాను. కుడి వైపు చక్కగా ఉంది. ఎడమ కణత దగ్గర నెమ్మది అల వచ్చింది. ఒకటి, కాసేపాగి ఇంకొకటి, తర్వాత వరసగా మూడు. గట్టిగా ఊపిరి తీసి వదలమన్నాను. ఇంకొంచెం పెరిగాయి. గడిలో అరవై నాలుగు అని ఉంది. అరవై నాలుగేళ్లకి కాస్త ఎక్కువేమో గానీ, కొట్టిపారేయదగ్గదే. నలభై ఏడుకి కాదు. ఈ ముక్క నాకు ఆ కుర్చీలోనే తెలుసు.

ఇక్కడి నుంచి మైకులో నేను చెప్పిన కథ ఒకటి ఉంది. అందులో నేను రికార్డు పట్టుకుని డాక్టరుగారి గదికి పరుగెత్తాను. "సార్, ఈ వయసు నమ్మకండి, స్కాన్ తీయించండి," అన్నాను. ఆయన నివ్వెరపోయారు. గడ్డ చిన్నగా ఉండగానే దొరికింది. మనిషి బతికి బట్టకట్టి, పండగకి నాకు చీరాల పంచె పెట్టింది. హాల్లో చప్పట్లు మోగాయి. వెనక వరసలో రిసెప్షన్ ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఇది చెప్పడానికి ధైర్యం ఎలా వచ్చిందంటే, మా డాక్టరుగారు అప్పటికే వేరే ఊరికి వెళ్లిపోయారు.

జరిగింది వేరు. నేను నోరు విప్పలేదు. డాక్టరుగారు అరవై నాలుగు అని చదివి, వయసుకి తగ్గట్టే ఉంది అని రాసి, మాత్రలిచ్చి పంపించారు. మాత్రలకి ఆ ఆగిపోవడం కొంత తగ్గింది కూడా. అందుకని వాళ్లు మళ్లీ త్వరగా రాలేదు.

ఏడెనిమిది నెలల తర్వాత, పత్తి తీతలు మొదలైన రోజుల్లో వచ్చారు. భర్త ఆవిణ్ణి వీల్ చెయిర్‌లో నెట్టుకుంటూ తెచ్చాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. నన్ను చూసి ఆవిడ ఏదో అనబోయింది. అన్నయ్య అనేనేమో. రాలేదు.

ఈసారి నా గదికి పంపలేదు, నేరుగా స్కాన్‌కి తీసుకెళ్లారు. గంట తర్వాత డాక్టరుగారు నన్ను పిలిపించారు. గదిలో ఆయనా, ఆవిడ భర్తా ఉన్నారు. గోడ మీద లైటు పెట్టెకి ఫిల్ము తగిలించి ఉంది. ఎడమ కణత వెనక నిమ్మకాయంత తెల్లటి గడ్డ. చుట్టూ వాపు.

"గడ్డ చూడకండి. మిగతాది చూడండి," అన్నారు డాక్టరుగారు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు, అప్పుడూ పెరగలేదు. "మెదడు నిండుగా ఉంది. ఎక్కడా కుంగలేదు. ఇది అరవై నాలుగేళ్ల మెదడా?"

నేను ఫిల్ముకి ఇంకో అడుగు దగ్గరగా జరిగాను.

"అసలు వయసు ఇప్పుడు చెప్తున్నాడు ఈయన. ఆ రోజు గంటసేపు మీ దగ్గర ఉంది కదా ఈమె. మీకు అనుమానమేమీ రాలేదా?"

"లేదండి," అన్నాను.

భర్త నా మొహంలోకి చూశాడు. నేను ఆయన వైపు తిరగలేదు గానీ చూపు తగులుతూనే ఉంది. ఆయన చెబుతాడనుకున్నాను. చెబితే బాగుండునని ఒక పక్క, చెప్పకూడదని ఒక పక్క.

"ఆయనకేం తెలుసండి," అన్నాడు. "మేం ఎవరికీ చెప్పలా. తప్పు మాదే."

"మీది కాదు, నాది," అన్నారు డాక్టరుగారు. "జుట్టు చూసైనా అడగాల్సింది. కాగితం చూశాను, మనిషిని చూడలేదు." ఆయన కుర్చీలోంచి లేచి ఆ కౌలు రైతుకి నమస్కారం పెట్టారు. నలభై మంది బయట కూర్చుని ఉండగా ఆయన లేవడం నేను ఎప్పుడూ చూడలేదు.

నేను చేసిన దానికి ఇద్దరు మనుషులు నా కళ్లముందు పూచీ పడ్డారు. నేను సరేనండి అని బయటికి వచ్చి, తర్వాతి పేషెంటు చెప్పులు చూసుకుంటూ లోపలికి వెళ్లాను.

పెద్దాసుపత్రికి పంపి ఆపరేషన్ చేయించారు. గడ్డ చెడ్డ రకం కాదు. ఈ మాట విని నేను సంతోషపడాలి. కానీ చెడ్డ రకమైతే ఎప్పుడు చూసినా అంతే అని సర్దిచెప్పుకునేవాణ్ణి. "ఇది నెమ్మదిగా పెరిగేదండి. ఎండాకాలానికి ముందే తీసేసి ఉంటే..." అని డాక్టరుగారు నాతో ఒకసారి మొదలుపెట్టి ఆపేశారు. ప్రాణం నిలిచింది. మాట తిరిగి రాలేదు, కుడి చెయ్యి రాలేదు.

ఇక్కడితో ఆపేస్తే మీరు నన్ను ఒక మెతక మనిషిగా, ఇచ్చిన మాట కోసం నోరు కట్టుకున్నవాడిగా అనుకునే వీలుంది. అలా అనుకుంటారనే ఇంతసేపూ కథ అటు నడిపాను. చివర్లో తగ్గించక్కర్లేదన్నాను కదా, ఆ భాగం ఇది.

మొదటి రోజు, వాళ్లిద్దరూ బయట కూర్చున్నాక, డాక్టరుగారు మా గదికి వచ్చి కాగితం చూసి వెంటనే సంతకం పెట్టలేదు. ఆగారు. ఎడమ గీత మీద పెన్ను ఆనించి, తలెత్తి, "కాస్త ఎక్కువగా లేదూ?" అన్నారు. తర్వాత నవ్వుతూ, "మీరు గీతలు చూసి వయసు చెప్పేవారు కదా. ఏమంటారు, వయసేనా ఇది? పెద్దావిడేనా?" అన్నారు.

నన్ను అడిగారు. నాలుగు మాటల్లో అయిపోయేది. కాదండి, కార్డులో తప్పు పడింది అంటే చాలు. ఆయన కాగితం మార్చేవారు కాదు, పింఛను ఆఫీసుకి ఉత్తరం రాసేవారు కాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఎంతోమంది పేదవాళ్ల వయసులు చూసీచూడనట్టు వదిలేసిన మనిషి ఆయన. ఆవిడ గుట్టు చెడకుండానే ఆవిడ తల దక్కేది.

పక్కన సిస్టర్ నిలబడి ఉంది. తెర మీద గడిలో అరవై నాలుగు అని ఉంది. గీతలు చూసి వయసు చెప్పే నా విద్యకి ఆయన మొదటిసారి నిజంగా విలువ ఇచ్చి అడిగారు. దూది ముక్క కింద అంకె ఏమిటో నాకు ముందే తెలుసు.

"అవునండి," అన్నాను. "వయసేనండి. నేను రోజూ చూసేదే."

ఆయన సంతకం పెట్టారు.

నా విద్య పరువు కోసం అన్నానో, ఆ పింఛను కోసం అన్నానో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. పింఛను కోసమే అని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నా లెక్కలన్నీ సరిచేస్తుంది గానీ, దీన్ని సరిచేయలేదు. లేచి వంటింట్లోకి వెళ్లింది.

మా మేస్టారు నా వయసు ఉన్నదున్నట్టు రాసి ఉంటే, ఆవిడ వచ్చిన రోజుకి ఏడాది ముందే నేను ఇంట్లో కూర్చుని ఉండేవాణ్ణి. ఆ కుర్చీలో నా తర్వాత వచ్చిన అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయికి చెప్పుల విద్య తెలియదు. అడిగితే తెలియదండి అని చెబుతుంది. పిల్లలూ, ఆ మాట అనడానికి నాకు ఒక ఉద్యోగ జీవితం చాలలేదు.

రిటైరయ్యాక, దండ వాడకముందే, నల్లపాడు వెళ్లాను. షెడ్డు కనుక్కోవడం కష్టం కాలేదు, ముక్కు చూపిస్తుంది దారి. రేకుల కింద పాతికమంది ఆడవాళ్లు వరసలుగా కూర్చుని ఉన్నారు. అందరి ముక్కులకీ గుడ్డలు. మధ్యలో ఎర్రటి గుట్టలు. వరస చివర, గోడ పక్కన ఆవిడ ఉంది. ఆపరేషన్‌కి తీసేసిన జుట్టు పొట్టిగా, సగానికి పైగా తెల్లగా పెరిగింది. మొహం ఒక పక్కకి జారింది. మిరపకాయని మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడమచేత్తో తొడిమ తుంచి, మళ్లీ ఇంకోటి. పక్కవాళ్ల చేతుల్లో పది పోయేసరికి ఆవిడవి రెండు అవుతున్నాయి.

భర్త బస్తా దగ్గర నుంచి సూది పట్టుకుని వచ్చాడు. "రండి బావగారూ," అన్నాడు, ఏమీ జరగనట్టు. కూర్చోమని గోనెపట్టా వేశాడు.

"ఎలా ఉంది?" అన్నాను. ఇంతకంటే మంచి మాట దొరకలేదు.

"ఊరికే ఇంట్లో కూర్చోబెడితే ఏడుస్తందండి. అందుకని తీసుకొస్తన్నా." గోనెపట్టా అంచు సర్దుతూ చెప్పాడు. "మొన్న పింఛన్లు తనిఖీ చేసేవాళ్లు వచ్చారు. మా వరసలో నలుగురివి తీసేశారు, వయసు చాలదని. దీని కార్డు చూశారు, దీన్ని చూశారు. ఒక్క మాట అడగలా. రాసుకుని పోయారు."

ఆయన నవ్వలేదు. నన్ను నిందించడానికీ చెప్పలేదు. ఊళ్లో సంగతి చెప్పినట్టు చెప్పి సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

ఆ రోజు గదిలో డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదని ఆయన్ని అడగాలనే వెళ్లాను నేను. అడగలేదు. మీరు ఎవరికీ చెప్పనన్నారు కదా, నేనూ చెప్పలా అంటాడని భయం వేసింది.

ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాను. పిలుద్దామంటే, అమ్మా అనాలో ఏమనాలో తోచలేదు. పాతమాటే వచ్చింది.

"అక్కా," అన్నాను.

తలెత్తింది. చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. చేతిలో మిరపకాయ కింద పెట్టి, ఎడమ చెయ్యి తెచ్చి గొంతు దగ్గర పెట్టుకుంది. అక్కడే ఉంచింది.

పక్కన కూర్చున్న ఆడమనిషి ముక్కు గుడ్డ కిందికి లాగి నన్నూ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూసింది. "నువ్వు ఈమె తమ్ముడివా?" అని అడిగింది.

అవునన్నాను.